తలుపు తీసే మనిషి

మంగళవారం సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడి కోడి పులుసు మీద తేలిన నురగ తీస్తున్నాను. మా ఆయన అన్షెల్ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాడు.

"తిర్జా, ఆ గరిటె అవతల పడెయ్. ఎల్లుండి పొద్దున సింగపూర్ వెళ్తున్నాం! బిజినెస్ క్లాసు, కాళ్ళు బారచాపుకుని పడుకునే సీట్లు. మూడో వంతు ధరకే కొట్టేశాను."

వెళ్దామా అనలేదు, వెళ్తున్నాం అన్నాడు. మాంచెస్టర్‌లో మా యూదుల పేట మగవాళ్ళు కొందరు కలిసి ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఏ విమానం వాళ్ళు ఎప్పుడు ధర తగ్గిస్తారా అని అందులో రాత్రీ పగలూ కాపలా కాస్తారు. ఎవరికైనా తగిలితే మిగతావాళ్ళంతా పెళ్ళి కుదిరినంత సంబరంగా అభినందిస్తారు. మూడేళ్ళుగా అన్షెల్ అభినందించేవాడే తప్ప అందుకున్నవాడు కాదు. ఇవాళ అతని మొహం వెలిగిపోతోంది.

"శనివారం అమ్మ తిథి" అన్నాను.

వెలుగు ఒక్క క్షణం తగ్గింది. మర్చిపోయాడని నాకు తెలిసిపోయింది, అమ్మ పోయి ఏడాదే అయింది, మొదటి తిథి. "అయితే ఏం? సింగపూర్‌లో మందిరం లేదా? అక్కడే చెప్తాను కద్దీష్. దేవుడేమైనా మాంచెస్టర్‌లోనే కాపురం పెట్టాడా?"

"నేనూ మందిరానికి వచ్చి వింటాను. మాటిస్తావా?"

"దీనికి మాటలెందుకు? నిన్నెవరైనా ఆపారా?"

కద్దీష్ అంటే పోయినవాళ్ళ కోసం కొడుకులు నిలబడి చెప్పే ప్రార్థన. చావు అన్న మాటే ఉండదు అందులో, అంతా దేవుడి స్తోత్రమే. విన్నవాళ్ళు ఆమేన్ అనాలి. అమ్మకు కొడుకుల్లేరు, నేనొక్కదాన్నే. మా దగ్గర ఆడవాళ్ళు గొంతెత్తి చెప్పరు కాబట్టి, అమ్మ పోయాక పదకొండు నెలలూ అల్లుడి హోదాలో అన్షెల్ చెప్పాడు. నేను తెర వెనక కూర్చుని ఆమేన్ అన్నాను. కన్నతల్లికి కూతురిగా నాకు దక్కింది ఆ ఒక్క మాట.

"నువ్వేం చెయ్యక్కర్లేదు, అంతా నేను చూసుకున్నా" అన్నాడు అన్షెల్. అతను చూసుకున్నది టిక్కెట్లు. బుధవారం నేను స్కూలు ఆఫీసులో రెండు రోజుల సెలవు అడిగితే, హెడ్మిస్ట్రెస్ "పెట్టి పుట్టావమ్మా, మమ్మల్నెవరు తిప్పుతారు సింగపూర్లు" అంటూనే సోమవారానికి కావలసిన చిట్టాలన్నీ ఇవాళే పూర్తిచేసి వెళ్ళమంది. అమ్మాయి నయోమిని అత్తగారింట్లో దింపాలి, దింపడమంటే మూడు రోజుల వంట కూడా డబ్బాల్లో పెట్టి దింపాలి. ఆవిడ ఆ డబ్బాలు అందుకుంటూ, "ఇరవై మూడేళ్ళయినా పెళ్ళాన్ని ఇంకా కొత్త పెళ్ళికూతురిలా చూసుకుంటున్నాడు మావాడు. ఆ మాట గుర్తుపెట్టుకో" అంది. విమానంలో మా నియమం ప్రకారం వండిన భోజనం కావాలంటే రెండు రోజుల ముందే చెప్పాలి. అప్పటికప్పుడు కొన్న టిక్కెట్లకి ఆ గడువు ఎక్కడిది? కాబట్టి విమానంలోకి గుడ్లు, బంగాళాదుంప రొట్టె. షబ్బాత్‌కి, అంటే శుక్రవారం పొద్దుగూకినప్పట్నుంచి శనివారం రాత్రిదాకా మేం ఏ పనీ చెయ్యని, కరెంటుతో నడిచేది ఏదీ వాడని విశ్రాంతి రోజుకి, చేపలు, చికెను, చల్లగా గడ్డకట్టించి, రెండేసి పొరల రేకు కాగితం చుట్టి.

మాకొక ప్రయాణాల సంచి ఉంది. కొవ్వొత్తులు, రేకు కాగితం, రెండు కత్తులు, ముఖ్యంగా ఒక టేపు చుట్ట. ఈ రోజుల్లో హోటళ్ళలో తలుపులన్నీ కరెంటు కార్డుతో తెరుచుకునేవే, షబ్బాత్ నాడు మేం ఆ కార్డు ముట్టుకోం. అందుకని ముందు రోజే గొళ్ళెం పడే గుంట మీద టేపు అంటించేస్తాను, తలుపు ఊరికే తోస్తే వస్తుంది. ఆ సంచి గుమ్మంలో చూసి అన్షెల్ మొహం చిట్లించాడు. "బిజినెస్ క్లాసులోకి ఆ గోనె మూట మోసుకొస్తావా? పరువు తియ్యకు." నాకూ సిగ్గేసింది, అబద్ధమెందుకు. కొవ్వొత్తులూ అమ్మ పేరున వెలిగించే దీపమూ చేతిసంచిలో వేసుకుని, ఆ మూట ఇంట్లోనే వదిలేశాను.

విమానంలో తెల్లటి గుడ్డ పరిచారు, వెండిలా మెరిసే చెంచాలు పెట్టారు, ఏం తింటారని వినయంగా అడిగారు. మేం ఏమీ తినమన్నాం. ఆ తెల్లగుడ్డ మీద నా రేకు పొట్లం విప్పితే ఉడికిన గుడ్ల వాసన గుప్పుమంది. పక్క సీటాయన మొహం తిప్పుకున్నాడు. అన్షెల్ మాత్రం ముందు ఖాళీ గ్లాసుకి, తర్వాత తన సాక్సులకి, ఆ తర్వాత నాకు ఫొటోలు తీసి గ్రూపులో పెట్టాడు. "కొంచెం నవ్వు తిర్జా, జనం చూస్తారు" అన్నాడు, నవ్వాను. సీటు నిజంగానే మంచంలా పరుచుకుంది. ఇరవై మూడేళ్ళలో నేను పడుకుంటే ఎవరో వచ్చి దుప్పటి కప్పడం అదే మొదలు. ఏడుపొచ్చింది. అమ్మ చివరి నెలల్లో నేను కప్పిన దుప్పట్లు గుర్తొచ్చాయి.

శుక్రవారం పొద్దున దిగాం. హోటల్లో పద్నాలుగో అంతస్తు, తలుపుకి కార్డు. టేపు లేదు. "సాయంత్రం లోపు కిందకెళ్ళి చెప్పు. రేపు మా తలుపు మీరే తియ్యాలి, మేం కార్డు వాడం అని" అన్నాను. షబ్బాత్ మొదలవకముందు ఎవరినైనా ఏదైనా అడగొచ్చు, తప్పులేదు. "చెప్తాలే" అని ఈతకొలనుకి వెళ్ళాడు. వచ్చి పడుకున్నాడు. రెండుసార్లు గుర్తుచేశాను, రెండుసార్లూ "ఊఁ" అన్నాడు. నేనే లిఫ్టెక్కి వెళ్ళి చెప్పొచ్చు, రెండు నిమిషాల పని. వెళ్ళలేదు. ఈ ఒక్కటైనా తను చెయ్యాలని మొండికేశాను. సూర్యుడు దిగిపోతుంటే అన్షెల్ ఉలిక్కిపడి లేచాడు, అప్పటికి నేను కొవ్వొత్తులు వెలిగించేశాను, షబ్బాత్ మొదలైపోయింది, ఇక ఎవరినీ అడగడానికి లేదు. అమ్మ దీపం, పొగ గంట మోగుతుందేమోనని స్నానాలగదిలో చేతులు కడుక్కునే తొట్టెలో పెట్టాను. మా అమ్మ ఆ మెరిసే తొట్టెలో వెలుగుతూ ఉంది.

"ఇవాళ్టికి నువ్వుండు, తలుపు తియ్యాలిగా. పైగా అలిసిపోయావు. రేపు పొద్దున ఇద్దరం వెళ్దాం" అని అతనొక్కడే వెళ్ళాడు. తిరిగొచ్చి తలుపు కొట్టాడు, తీశాను.

తెల్లారింది. గౌను వేసుకుని, తలకి గుడ్డ కట్టుకుని నిలబడ్డాను. అన్షెల్ బూట్లు తొడుక్కుంటూ నావైపు చూశాడు.

"నువ్వెక్కడికి?"

"మందిరానికి."

"మరి తలుపెవరు తీస్తారు?"

"కింద కౌంటర్లో మనుషులున్నారుగా."

"ఇవాళ అడక్కూడదని తెలీదా? నాకు ఈ పని చేసిపెట్టు అనకూడదు. డొంకతిరుగుడుగా ఏదో అంటూ నిలబడాలి, వాళ్ళకి అర్థమయ్యేదాకా. నలుగురిలో నాకది చేతకాదు తిర్జా. తలకొట్టేసినట్టుంటుంది."

నాకు చేతనవును. పోయిన జనవరిలో షబ్బాత్ నాడు మా ఇంట్లో హీటరు ఆగిపోతే, పక్కింటి మిసెస్ హార్‌గ్రీవ్స్ గుమ్మంలో నిలబడి "ఇవాళ మా ఇల్లు మంచుగడ్డయిపోయిందండీ" అన్నాను. "అవునమ్మా, చలిగానే ఉంది" అందావిడ. "పిల్ల పళ్ళు టకటకలాడుతున్నాయండీ" అన్నాను. మూడో మాటకి అర్థం చేసుకుని వచ్చి స్విచ్ వేసింది. అన్షెల్ ఆ కథ చుట్టాలందరికీ నా గొంతు అనుకరిస్తూ చెప్తాడు. ఇల్లెగిరిపోయేలా నవ్వుతారు. వాళ్ళకి టీ నేనే ఇస్తాను. అప్పుడు తలకొట్టేసినట్టు ఎవరికీ అనిపించలేదు.

"మాటిచ్చావు" అన్నాను.

"ఇచ్చాను, కాదన్నానా? పరిస్థితి చూడు. అయినా కద్దీష్ చెప్పేది నేనేగా. అక్కడ నువ్వుంటే ఎంత, లేకపోతే ఎంత?" అనేసి, నా మొహం చూసి, "ఒంటిగంటకల్లా వచ్చేస్తా, కాసేపు నిద్రపో" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

మంచం మీద కూర్చున్నాను. నేనుంటే ఎంత, లేకపోతే ఎంత. ఫిబ్రవరిలో ఒక పొద్దున అతను మందిరానికి ఆలస్యంగా వచ్చాడు. తెర సందులోంచి చూస్తూనే ఉన్నాను. మిగతా మగవాళ్ళు లేచి వాళ్ళ వాళ్ళ అమ్మానాన్నల కోసం చెప్పేసుకుని కూర్చున్నాక, మఫ్లరు విప్పుకుంటూ తీరిగ్గా లోపలికి వచ్చాడు. ఆ సాయంత్రం భోజనం దగ్గర, "ఇవాళ కూడా మీ అమ్మ పని అయిపోయిందిలే" అన్నాడు. నేను పులుసు వడ్డించాను. ఆలస్యం సంగతి ఎత్తితే గొడవ, గొడవైతే రేపట్నుంచి అసలు వెళ్ళడేమోనని భయం. ఆ రోజు అమ్మ పేరు ఎవరూ తలుచుకోలేదని ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు. తెర వెనక నేను లేకపోతే అది కూడా ఎవరికీ తెలిసేది కాదు.

నేనుంటే అంత.

లేచాను. షబ్బాత్ నాడు వీధిలో ఏదీ మొయ్యకూడదు, చేతిరుమాలు కూడా, అందుకని దాన్ని మణికట్టుకి కట్టుకున్నాను. స్నానాలగదిలోకి తొంగిచూశాను, దీపం నిలకడగా వెలుగుతోంది. బయటికొచ్చి తలుపు లాగాను. టక్కుమని పడింది. ఇక ఆ గది మా ఇద్దరికీ లేదు.

లిఫ్టు ఎక్కలేను, పద్నాలుగంతస్తులు మెట్లు దిగాను. హాల్లో అద్దాల తలుపు మనిషిని చూసి దానంతటదే తెరుచుకునే రకం. ఎవరో సూట్‌కేసుతో లోపలికొచ్చేదాకా ఆగి, ఆ సందులోంచి బయటపడ్డాను. ఎండ మాడ్చేస్తోంది. నిన్న టాక్సీలో వస్తూ అన్షెల్ గొప్పగా చూపించిన దారే, అరగంట నడక. మందిరంలో ఆడవాళ్ళు కూర్చునేది మేడ మీద, చుట్టూ చెక్క జాలీ. చెమటలు కారుతూ వచ్చి కూర్చుంటే ఒక ముసలావిడ జరిగి చోటిచ్చి, తన పుస్తకం నా ఒళ్ళో పెట్టింది.

జాలీలోంచి కిందికి చూశాను. అన్షెల్ మూడో వరుసలో ఉన్నాడు. పక్కనున్న లావుపాటి మనిషికి చెవిలో ఏదో చెప్తున్నాడు. అరచెయ్యి బల్లపరుపుగా చాపి, ఇంత పొడుగు, అని చూపిస్తున్నాడు. సీటు గురించి. ఆ మనిషి కళ్ళింతలు చేసుకుని వింటున్నాడు.

అంతలో ముందు వరుసల్లో ముగ్గురు మగవాళ్ళు లేచారు, కద్దీష్‌కి. అన్షెల్ లేవలేదు. అరచెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

అన్షెల్, అని పిలుద్దామని నోరు తెరిచాను. ఎన్నిసార్లు పిలవాలి? ఇంట్లో పిలిచి, విమానంలో పిలిచి, నిద్రలోంచి పిలిచి, ఇక్కడ కూడానా? పిలవలేదు. లేచి నిలబడ్డాను. పదకొండు నెలలు విన్న మాటలు, పుస్తకం అక్కర్లేదు. "యిస్గదల్ వెయిస్కదష్ ష్మే రబ్బో" అన్నాను. మొదటి మాట సన్నగా వచ్చింది, తర్వాతివి నా మామూలు గొంతుతోనే. కింద ఆ ముగ్గురూ ఆగలేదు, వాళ్ళతోపాటు నేనూ చెప్తున్నాను. నా పక్కన ముసలావిడ "ఆమేన్" అంది. కింద కొన్ని తలలు పైకి లేచాయి.

అన్షెల్ తల కూడా లేచింది. అరచెయ్యి దిగింది. జాలీలోంచి నన్ను పోల్చుకున్నాడు. కళ్ళు పెద్దవి చేసి, పెదవులతో అడిగాడు. "తలుపు?"

నేను తర్వాతి మాట చెప్పాను. మా అమ్మ గిటెల్ కోసం, గట్టిగా, ఒక్కో అక్షరం పలుకుతూ. కద్దీష్ చెవిన పడ్డ మనిషి, చెప్పేది ఎవరైనా సరే, జవాబు ఇవ్వక తప్పదు. అన్షెల్ అటూ ఇటూ చూశాడు. నెమ్మదిగా లేచి నిలబడి, నాకు ఆమేన్ అన్నాడు.