వేలెడంత గలగల

మోచేయి దాటేదాకా తొట్టిలో చెయ్యి దించి, తొట్ల మేస్త్రి పంపును పైకి తీశాడు. ఎక్వేరియాలు కడిగే అతనికి అందరూ పెట్టిన పేరు అది. నీళ్లలో మునిగి పనిచేసే ఆ పంపు పిడికిలంత ఉంటుంది. దాని మీద ఫిర్యాదు మాత్రం కొండంత.

"ఏమయ్యా, గుర్రుమని ఒకటే మోత! పేషెంట్లు చిరాకు పడుతున్నారు" అన్నాడు పళ్ల డాక్టరు.

పడరూ మరి! లోపలి గదిలో ఈయన పొద్దస్తమానం జనం దవడల్లో మర తిప్పుతుంటాడు. ఆ కీచుకి బయట కూర్చున్నవాళ్ల గట్టి పళ్లు కూడా కదులుతాయి. వాళ్లకి చిరాకు తెప్పించేది మాత్రం పంపట! మేస్త్రి పైకి "అలాగే సార్" అన్నాడు. ఇరవై రెండేళ్లుగా పైకి అనేది అదే. లోపల అనుకునేవి రాస్తే కాగితం సిగ్గుపడుతుంది. "నోట్లో మాటుండదు, ఒళ్లంతా పొగరు" అంటుంది భార్య, ఎంత తోమినా అతన్ని వదలని పాచి వాసనకి దూరంగా జరుగుతూ.

పంపు మూత ఊడదీసి, లోపల తిరిగే చక్రాన్ని బయటికి లాగాడు. దాని చుట్టూ బంక, ఒక పొడుగాటి వెంట్రుక. పాత బ్రష్షుతో తోమాడు. గట్టిపడిన రబ్బరు కాళ్లు మార్చాడు. అద్దానికి తగిలి అదరకుండా వెనక స్పాంజి ముక్క పెట్టాడు. నీళ్లలో అటూ ఇటూ వంచి, చిక్కుకున్న గాలి బుడగల్ని వదిలించాడు. గుర్రు పోయింది.

ఇక మిగిలింది పంపు మూతి నుంచి నీళ్లు పడే సన్నటి గలగల. ఆ మూతిని అతను ఏ తొట్టిలోనైనా వేలెడు ఎత్తులో, నీటికి పైనే ఉంచుతాడు. కావాలనే. ఈ మహానుభావులెవరూ చేప వంక చూడరు. గలగల ఆగితేనైనా పంపు ఆగిందని తెలుస్తుందని. ఈ తొట్టిలో ఉన్నది జానెడు పొడవు ముసలి చేప. తొమ్మిదేళ్లుగా అతని చేతుల మీదే పెరిగింది. పంపు ఒక్క పూట ఆగితే దానికి ఊపిరాడదు.

"ఇంకా చప్పుడు వస్తోందిగా! ఈపాటి పని కూడా చేతకాదా?" అన్నాడు డాక్టరు.

మేస్త్రికి ఒళ్లు మండింది. మూతిని నీళ్లలోకి నొక్కేశాడు.

"ఇప్పుడు చెవి పెట్టి వినండి సార్."

డాక్టరు వంగి, అద్దానికి చెవి ఆనించి విన్నాడు. ఏమీ లేదు. అంతటి పెద్దమనిషి తన ముందు వంగేసరికి మేస్త్రి ఛాతీ పొంగింది. సిగ్గులేని ఛాతీ! బకెట్టు పట్టుకుని, చేప వంక కూడా చూడకుండా వెళ్లిపోయాడు.

సాయంత్రం కౌంటరు అమ్మాయి ఫోన్ చేసింది. "అంకుల్, చేప పక్కకి ఒరిగిపోయింది. మధ్యాహ్నం నించీ కదలకపోతే పడుకుందేమో అనుకున్నాం."

పరుగెత్తుకొచ్చాడు. పంపు తీగ గోడ పక్కన నేల మీద పడి ఉంది.

"ఎప్పుడు తీశావమ్మా?"

"మీరెళ్లగానే అంకుల్. ఫోన్లో ఛార్జింగ్ అయిపోతేనూ... సౌండ్ రావట్లేదుగా, పంపు ఆపేశారనుకున్నా."

అరవడానికి నోరు తెరిచాడు. ఏ మొహంతో అరుస్తాడు? ఆ సౌండు నొక్కేసింది తనే. అప్పటికే ప్రాణం పోయిన చేపని రెండు చేతుల్తో ఎత్తాడు. బరువుగా ఉంది. ఏడుపొచ్చింది.

డాక్టరు తలుపులోంచి తొంగి చూశాడు. "పోతే పోయిందిలే. ఈసారి ఎర్రది తీసుకురా, కుర్చీల రంగుకి కలుస్తుంది."

"మీరు వేరేవాణ్ని చూసుకోండి" అన్నాడు మేస్త్రి. చేపని తువ్వాల్లో చుట్టుకుని మెట్లు దిగాడు.

గోడ ప్లగ్గులో, ఫోను లేని ఛార్జరు ఒకటి అలాగే ఉంది.