నొప్పి చెప్పలేని గుండె

నేను ఒక గుండెను. ప్రేమ, జాలి, ధైర్యం అంటూ మనుషులు నాలో ఏవేవో ఉన్నాయనుకుంటారు. నేను కండను. కొట్టుకోవడమే నా పని.

నిజాంపట్నం రేవులో పడవల ఇంజన్లు బాగుచేసే నాగభూషణం ఒంట్లో పుట్టి, ముప్పైరెండేళ్లు అక్కడే ఉన్నాను. ఒకనాడు తడిసిన పడవ అంచు మీద అతని కాలు జారింది. తలకు దెబ్బ తగిలింది. మెదడు చచ్చిపోయిందని డాక్టర్లు తేల్చారు. భార్య ధనకుమారి అతని ఛాతీకి చెవి ఆనించింది.

"ఇంకా కొట్టుకుంటానే ఉందిగదండీ! పోయాడని ఎట్టా అంటారు?"

ఆమె అనుమానానికి కారణం నేనే. సాయంత్రానికి అవయవదాన పత్రం మీద ఆమె సంతకం పెట్టింది.

మంచు పెట్టెలో హైదరాబాదు చేరి సరోజన ఛాతీలోకి వెళ్ళాను. ఆమె సిద్దిపేట బస్సులో కండక్టరు. కాన్పు తర్వాత ఆమె సొంత గుండె పనికిరాకుండా పోయింది. నా రక్తనాళాలను అతికించారు గాని, తెగిన నరాలను అతికించడం వీలుకాలేదు. నాకేమైనా ఆమెకు తెలిసే దారి లేదు.

ఆరేళ్లు గడిచాయి. ఆమె ఒంటికి మాత్రం నేను పరాయినే. మందులు ఎంత అదుపు చేసినా, తెల్లకణాలు నా ధమనుల లోపలి గోడలను గాయపరుస్తూనే ఉన్నాయి. గాయమైన చోట, కొత్త రక్తనాళాలను పెంచే పదార్థాలు ఊరాయి. మేలు చేయవలసినవే. కానీ అవి పిలిచిన కణాలు గోడల్లోనే కాపురం పెట్టాయి. గోడలు మందమై దారి సన్నబడింది. నాకు రక్తం చాలడం లేదు. సరోజన టిక్కెట్లు కొడుతూనే ఉంది.

ఏటా చేసే పరీక్షలో సంగతి బయటపడింది. డాక్టరు ముర్తుజా ఆమెకు తెర మీద చూపించాడు.

"నొప్పి అసలే లేదు సార్. జర ఆయాసమొస్తున్నది, గంతే."

"నొప్పి చెప్పే నరాలు తెగిపోయినయమ్మా. అది చెప్పలేదు, మనమే చూసుకోవాలె."

మందు మార్చారు. ఒక ఏడాది నిలదొక్కుకున్నాను. ఆ తర్వాత సన్నటి కొమ్మలు కూడా మూసుకుపోయాయి. స్టెంటు వేయడానికి చోటు లేదు. మరో గుండె పెట్టాలన్నారు. సరోజన ఒప్పుకోలేదు.

"ఎవరో ఏడ్చుకుంట ఇచ్చిన గుండెను ఖరాబు చేసిన. ఇంకొకళ్లది ఏ మొఖంతోని అడగాలె?"

భర్త ఐలయ్య మంచం అంచున కూర్చున్నాడు. "నువ్వేం ఖరాబు జెయ్యలే. ఒక్క పూటన్న మందు మర్చినవా? ఏడేండ్లు బిడ్డను సాదుకున్నవు గద దాంతోని."

మూడో రోజున ఆమె సరేనంది. నాలుగు నెలలకు వేరే గుండె దొరికింది. నన్ను తీసి మందునీళ్ల సీసాలో ఉంచారు.

కోలుకున్నాక సరోజన నన్ను చూడటానికి ప్రయోగశాలకు వచ్చింది. ముర్తుజా ఆమెకు గ్లౌజులు తొడిగించి, నన్ను ఆమె అరచేతుల్లో పెట్టాడు. ఆమె నన్ను తిట్టలేదు, మొక్కలేదు. తిప్పి తిప్పి చూసింది.

"ఇంత బరువుంటదా సార్?"

"ఉంటదమ్మా. దీన్ని ముక్కలు కోసి చూడాలె. ఆ గోడలు ఎందుకట్ల పెరుగుతయో తెలిస్తే, ఇంకొకళ్లకు ముందే ఆపొచ్చు. నువ్వు సరేనంటేనే."

"కోయండ్రి సార్. సన్నగ కోసి, మంచిగ చూడండ్రి."

నన్ను ఆయన చేతికిచ్చింది. గ్లౌజులు తీసి చేతులు కడుక్కుంది. లిఫ్టు కోసం ఆగలేదు. మూడంతస్తుల మెట్లూ గబగబా దిగి వెళ్ళిపోయింది.