జడ్జిగారు లేచేదాకా

పెళ్ళయిన పదకొండో రోజు పొద్దున, స్నానాలగదిలో ఆమెకు మొదటిసారి మంట తెలిసింది. గోడకు చెయ్యి ఆనించి పళ్ళబిగువున నిలబడింది. అయిపోయిందనుకుని బయటికొచ్చి జడ వేసుకుంటుండగానే మళ్ళీ వెళ్ళాలనిపించింది. వెళితే నాలుగు చుక్కలు. ఆ నాలుగు చుక్కలకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆమె కోర్టులో స్టెనో. ఇరవయ్యారేళ్ళు. సాక్షి ఎంత గబగబా మాట్లాడినా ఒక్క ముక్క పోనివ్వని చెయ్యి. అయితే ఆ ఉద్యోగంలో ఒక చిక్కుంది. జడ్జిగారు బెంచి మీద ఉన్నంతసేపూ స్టెనో లేవకూడదు. ఈ మాట ఏ కాగితం మీదా లేదుగానీ అందరికీ తెలుసు. ఆడవాళ్ళ మరుగుదొడ్డి వరండా చివర ఒక్కటే ఉంది. దాని తాళంచెవి బంట్రోతు జేబులో ఉంటుంది. ప్రతిసారీ అతన్ని వెతుక్కుంటూ వెళ్ళి అడగాలి.

ఆ రోజు మధ్యాహ్నానికి మూడుసార్లు అడిగింది. మూడోసారి బంట్రోతు తాళంచెవి ఇస్తూ, "ఇంక దీన్ని మీ మెళ్ళో కట్టేస్తానమ్మా" అన్నాడు. హాస్యానికే అన్నాడు. పక్కనున్న గుమాస్తాలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మర్నాటినుంచి మంచినీళ్ళు తాగడం మానేసింది.

ఆమెను పెంచింది పిన్ని. కన్నతల్లి చిన్నప్పుడే పోయింది. రెండోరోజు సాయంత్రం బస్టాపులో నిలబడి పిన్నికి ఫోన్ చేసింది. ఎలా మొదలెట్టాలో తెలియక, "పిన్నీ, ఒంట్లో ఏదోలా ఉంటోంది" అంది.

"ఏదోలా అంటే? నెల తప్పావా ఏంటే?"

"అది కాదు పిన్నీ. బాత్‌రూమ్‌కి వెళితే మంట. పెళ్ళయ్యాకే..."

పిన్ని గొంతు తగ్గించింది. "ఇవి ఫోన్లో మాట్లాడుకునేవా తల్లీ? మొదట్లో అందరికీ ఏదో ఒకటి ఉంటుంది. ఓర్చుకోవాలి. మీ ఆయన బాగానే చూసుకుంటున్నాడుగా?"

"బాగానే చూసుకుంటున్నాడు."

"మరింకేం" అని పిన్ని కూరల ధరల్లో పడింది.

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మెత్తని మనిషి. మొదటిరాత్రి, ఆమెకు నొప్పి పుడితే, "పొరపాటు చేశానా?" అని అడిగినవాడు. ఇద్దరికీ ఏమీ తెలియదు. నాలుగైదు రోజులకు నొప్పి తగ్గింది, బిడియమూ తగ్గింది. ఒకరి పక్కన ఒకరు పడుకుని నవ్వుకోవడం అలవాటైంది. సరిగ్గా అప్పుడొచ్చి పడింది ఈ మంట.

మూడోరోజు ఆమె బస్సులో కూర్చుని ఫోన్లో వెతికింది. జబ్బుల పేర్లు వరసగా వచ్చాయి. కలయికతో ఒకరినుంచి ఒకరికి అంటుకునేవట. వాటి లక్షణాల్లో మొట్టమొదటిది మంటే. ఇంటికెళ్ళేసరికి అతను కుర్చీలో కూర్చుని చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటున్నాడు.

"ఒక మాట అడుగుతాను, నిజం చెప్పండి" అంది. "నాకంటే ముందు మీకు ఎవరితోనైనా..."

అతను గుడ్డ పక్కన పెట్టాడు. "ఎందుకలా అడుగుతున్నావు? ఎవరేం చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఊరికే."

"ఊరికే ఎవరైనా అడుగుతారా అది?"

నాకు మంటగా ఉంది, భయంగా ఉంది అనాలి. ఆ రెండు ముక్కలూ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. ఇప్పుడు మంట సంగతి చెబితే నువ్వే అంటించావని అన్నట్టే అవుతుంది. "ఏం లేదులెండి" అంది. అతను మొహం ముడుచుకుని లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజునుంచి హాల్లో పడుకోవడం మొదలుపెట్టాడు.

అత్తగారు నోటినిండా మాట్లాడే మనిషి. కోడలంటే ఇష్టమే. మాటిమాటికీ తలుపు వేసుకోవడం చూసి, "మా కోడలు కాపురం మాతో కాదు, బాత్‌రూమ్‌తో" అని పక్కింటావిడతో అంది. తర్వాత లోపలికొచ్చి, "వేడి చేసిందమ్మా నీకు. నీళ్ళు బాగా తాగు" అంది. మంచి సలహానే. కానీ తాగితే వెళ్ళాలి, వెళితే మంట, కోర్టులో తాళంచెవి.

నాలుగోరోజు మందులకొట్టు ముందు నిలబడింది. కౌంటర్లో ఇద్దరు మగవాళ్ళు, వెనక మరో ముగ్గురు. "ఏం కావాలమ్మా?" అన్నాడు కొట్టతను. ఆమె తలనొప్పి మాత్రలు అడిగి తెచ్చుకుంది.

ఆరోరోజు కోర్టులో పొలం తగాదా. ఒక ముసలాయన హద్దురాళ్ళ గురించి చెబుతున్నాడు. ఆమెకు నడుం కుడిపక్కన ఎవరో గుద్దుతున్నట్టుంది. ఒళ్ళు కాలిపోతోంది, దాంతోపాటే చలి. పెన్సిలు గీసే గీతలు ఒకదాని మీదికొకటి ఎక్కుతున్నాయి. అయిదేళ్ళ సర్వీసులో మొదటిసారి, "మళ్ళీ చెప్పించండి సార్" అంది. కాసేపటికి మళ్ళీ అదే మాట అంది.

జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

హాలంతా ఆమె వైపు తిరిగింది. "కొత్తగా పెళ్ళయింది సార్" అన్నాడొక వకీలు. రెండు వరసల్లో నవ్వులు వినబడ్డాయి. ఆమె లేవబోయింది. పుస్తకం కిందపడింది, దానితోపాటు ఆమె కూడా.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏమడిగినా అత్తగారే జవాబు చెప్పింది. "వేడి శరీరమండీ." "తిండి సరిగా తినదండీ." మూడో ప్రశ్నకు డాక్టరమ్మ ఆవిణ్ణి బయట కూర్చోమంది. తలుపు మూసి, కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుంది.

"మంట ఎన్నాళ్ళనుంచి?"

ఆ మాట తాను చెప్పకుండా ఇంకొకరి నోట వచ్చేసరికి ఆమెకు ఏడుపు ఆగలేదు. అంతా చెప్పేసింది.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "నువ్వు చేసిన తప్పేం లేదు, మీ ఆయనదీ కాదు. పరీక్షలో తేలింది మూత్రంలో ఇన్ఫెక్షను. ఇది ఒకరికొకరు అంటించుకునే జబ్బు కాదు. కలయిక మొదలైన కొత్తల్లో చాలామందికి వస్తుంది. మన ఒంటిమీదే ఉండే క్రిములు ఆ రాపిడికి లోపలికి చేరతాయి. కలిశాక లేచి మూత్రానికి వెళ్ళడం, ఆపుకోకపోవడం, నీళ్ళు తాగడం అలవాటు చేసుకో. మంట మొదలవగానే వస్తే కొద్దిరోజుల మాత్రలతో పోయేది. ఇప్పుడు కిడ్నీదాకా పాకింది."

"ఇంతేనా?" అంది ఆమె.

"ఇంతే. మాత్రలు మధ్యలో మానకు. మళ్ళీ వస్తే ఆ రోజే రా."

ఆరు రోజులు తాను మోసింది ఇంత చిన్నదా అనుకుంటే ఊరట కలగలేదు. ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియలేదు.

నాలుగు రోజులుంచి ఇంటికి పంపారు. డాక్టరమ్మ ఆమె భర్తను పిలిచి, పూర్తిగా తగ్గేదాకా కొన్నాళ్ళు దూరంగా ఉండమంది. ఎందుకో కూడా చెప్పే ఉంటుంది. అతనికి వినబడింది మాత్రం దూరంగా ఉండమన్న మాటే. తనవల్లే ఆమె ఆసుపత్రి పాలైందని మనసులో ముద్ర పడిపోయింది. మాత్రలు టైముకి గుర్తుచేసేవాడు, మంచినీళ్ళ సీసా నింపి బల్లమీద పెట్టేవాడు. ఆమె చెయ్యి తగిలితే చటుక్కున వెనక్కి తీసుకునేవాడు.

నెల దాటింది. జ్వరం లేదు, మంట లేదు. ఒక ఆదివారం ఉదయం అత్తగారు బయటికెళ్ళిన సమయంలో అతను హాల్లో పక్క చుట్టిపెడుతున్నాడు. ఆమె గుమ్మంలో నిలబడింది. డాక్టరమ్మ చెప్పిన మాటలన్నీ వరసగా గుర్తున్నాయి. మీరేం తప్పు చేయలేదు, మళ్ళీ లోపలికి రండి. అనాల్సింది అంతే. కోర్టులో ఎవరెవరివో కాపురాల గొడవలు రోజూ పేజీలకొద్దీ టైపు చేసే మనిషికి, ఆ ఒక్క వాక్యం నోరు దాటి రాలేదు.

"ఏమైనా కావాలా?" అన్నాడు అతను, దుప్పటి మడత పెడుతూ. "నొప్పేం లేదుగా?"

"లేదు."

"మంచినీళ్ళు తాగావా?"

"తాగాను."

అతను తల ఊపి, దిండు తీసి అలమారలో పెట్టాడు. ఆమె ఇంకాసేపు అక్కడే నిలబడి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.