పంపుగదిలో కునుకు

మిస్త్రీ భార్యను చంపింది ఆమె సొంత అన్న. ఇందులో వాదించడానికేమీ లేదు. చేత్తో చంపలేదు, గోడ మీద పేరు రాశాడు. అంతే తేడా.

ఆ గోడ పంపుగదిది. నీళ్ళ పంపు కాదు, నెత్తుటి పంపు. పక్క గదిలో ఒక రక్తపిశాచి పడుకుంటాడు. ప్రహరీ దూకి వచ్చే దోపిడీగాళ్ళను ఒంటిచేత్తో చీల్చేది అతనొక్కడే కనుక ఆవాసంలోని అరవైమందీ కలిసి అతన్ని మేపుతున్నారు. అలిగితే బతిమాలాలి, పని చెప్పకూడదు, కడుపు మాడనివ్వకూడదు. అందుకే ‘అల్లుడుగారు’ అని పేరు పెట్టుకున్నారు. నవ్వుతూ పెట్టిన పేరే. ఇప్పుడెవరూ నవ్వరు.

ఏడాదికోసారి అల్లుడుగారు పన్నెండు రోజులు చచ్చినట్టు నిద్రపోతాడు. అన్నాళ్ళూ పంపు అతనికి నెత్తురు పడుతూనే ఉండాలి. పడితే కడుపు నిండి మెత్తగా లేస్తాడు. దానికోసం ఒక మనిషి పంపుగదిలో చేతికి గొట్టం పెట్టించుకుని పడుకోవాలి. ఆ మనిషిని తోడు అంటారు. చాలామంది తోడులు లేచి నడిచి ఇంటికి పోయారు. మిస్త్రీ భార్య తొమ్మిదో రోజు ‘కాళ్ళు చల్లబడుతున్నాయి’ అంది. పదో రోజు ఏమీ అనలేదు.

పేరు రాసిన అన్నను అందరూ తాళాలాయన అంటారు. ‘ముందు మా ఇంటి నుంచే’ అన్నాడు అప్పుడు. న్యాయమంటే ఆయనదే అని మెచ్చుకున్నారు. తాళాలు మొలలో ఉన్నవాడు తోడుకు పడుకోకూడదన్న నియమం పెట్టింది కూడా ఆయనేనని ఎవరికీ గుర్తు రాలేదు.

ఈ ఏడు పాత పంపు పగిలింది. మిస్త్రీ కొత్తది బిగిస్తుంటే తాళాలాయన వచ్చాడు.

“ఏం బావా, అయిందా?”

“రేపు మధ్యాహ్నానికి.”

“తోడు పేరు రాసేశాను. చూశావా?”

చూశాడు. తన కూతురి పేరు.

“ముందు మా ఇంటి నుంచే అంటావు. మీ ఇల్లు ఎప్పుడూ నా గుమ్మంలోనే మొదలవుతుందేం బావా?”

తాళాలాయన నవ్వాడు. “పిల్ల గట్టిది. వాళ్ళమ్మలా కాదు. నువ్వు మాత్రం అల్లుడుగారి మంచం మీద ఎవణ్ణీ కునుకు తియ్యనీకు. వడ్రంగి గుర్తున్నాడుగా.”

గుర్తులేకేం. కొత్త పంపు బిగించాక పక్క గది మంచం మీద ఎవరు మొదట నిద్రపోతే వాళ్ళ గుండె చప్పుడునే అది నేర్చుకుంటుంది. ఇక మరొకరికి చుక్క పట్టదు. మొత్తం విప్పి మళ్ళీ బిగించాల్సిందే. అప్పట్లో తలుపు కొలతలకని వచ్చిన వడ్రంగి అరగంట కన్ను మూశాడు. పదిరోజుల పని మట్టిలో కలిసింది. తర్వాత రెండేళ్ళపాటు వాడు కనిపిస్తే చాలు, జనం గురక పెట్టేవారు.

మర్నాడు మధ్యాహ్నం పంపు సిద్ధమైంది. మిస్త్రీ లోపల గడియ పెట్టి, చెప్పులు విడిచి, అల్లుడుగారి మంచం మీద వాలాడు. నిద్ర రాదేమోనని భయపడ్డాడు. భార్య పోయాక అతను సరిగా పడుకున్నది లేదు. ఆ రోజు మాత్రం గంటసేపు ఒళ్ళు తెలియకుండా పడుకున్నాడు. లేచేసరికి గోడ వెనక మోటారు అతని గుండెతోపాటు కొట్టుకుంటోంది. వెళ్ళి మోటారును ఉత్తగా తిరిగేలా వదిలాడు. పంపు పనిచేస్తే వెలిగే పచ్చదీపానికి నేరుగా తీగ కలిపాడు.

మూడింటికి దుప్పటి కప్పుకుని అల్లుడుగారు వచ్చాడు. అప్పటికే కళ్ళు మూతలు పడుతున్నాయి. మంచం మీద చెయ్యి వేసి ఆగాడు.

“వెచ్చగా ఉందేం మిస్త్రీ?”

“మోటారు వేడి అయ్యగారూ.”

అతను పడుకున్నాడు. తాళాలాయన బయటి నుంచి తాళం వేశాడు. పన్నెండో రోజు ఆయనే, ఒంటరిగా లోపలికెళ్ళి లేపాలి. అది ఆవాసం పెట్టుకున్న మర్యాద.

నాలుగో రోజు పంపుగదిలో పడుకుని చేతికున్న గొట్టం చూసుకుంటూ కూతురు అంది, “నాన్నా, నెత్తురు కదలట్లేదు.”

“పడుకో.”

“నాకేమో ఆకలి దంచేస్తోంది. మావయ్యతో చెప్పనా?”

“కాళ్ళు చల్లబడ్డాయా?”

“లేదు.”

“మరి పడుకో.”

ఆమె దీపాన్ని చూసింది. దీపం వెనక తీగను చూసింది. మిస్త్రీ కూతురు, తీగల మధ్య పెరిగిన పిల్ల. ఇంకేమీ అడగకుండా దుప్పటి గడ్డందాకా లాక్కుంది.

తొమ్మిదో రోజు గోడ అవతల గోళ్ళతో గీస్తున్న చప్పుడు వినిపించింది. అల్లుడుగారు ముందే లేచాడు. తర్వాత ఆ చప్పుడు కూడా ఆగింది. ఎవరో తలుపు దగ్గర నిలబడి ఊపిరి బిగపట్టినట్టు ఉంది.

పన్నెండో రోజు తాళాలాయన నున్నగా గడ్డం గీసుకుని వచ్చాడు.

“ఏం తల్లీ, బాగున్నావా? చూడు బావా, బుగ్గలెట్లా ఉన్నాయో. గట్టిదన్నానా లేదా?”

మిస్త్రీ చేతిలో పానా ఉంది. దాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. ఒక్క మాట చాలు, ఆ మనిషిని ఆపడానికి. కూతురు నోరు తెరిచి తండ్రి వైపు చూసింది. మిస్త్రీ తల అడ్డంగా ఊపాడు. ఆమె నోరు మూసుకుంది.

తాళం తిరిగింది. తాళాలాయన లోపలికెళ్ళాడు. తలుపు ఆయన వెనకే మూసుకుంది, మూసింది ఆయన కాదు. కేక వినిపించలేదు. కాసేపటికి తాళాల గుత్తి నేల మీద పడ్డ చప్పుడైంది.

చాలాసేపటి తర్వాత అల్లుడుగారు మూతి తుడుచుకుంటూ బయటికొచ్చి మిస్త్రీ ముందు ఆగాడు.

“మోటారు వేడి అన్నావు కదూ,” అని నవ్వి వెళ్ళిపోయాడు.

సాయంత్రం పెద్దలు కూర్చోబెట్టి అడిగారు.

“మంచం మీద పడుకున్నదెవరు?”

“నేనే. కునుకు పట్టింది.”

“తెలిసి పడుకున్నావా, అలిసి పడుకున్నావా?”

మిస్త్రీ లేచి ఇంటికొచ్చేశాడు. పంపు బిగించడం తెలిసినవాడు మరొకడు లేడు కనుక ఎవరూ పట్టుకుని ఆపలేదు.

కూతురు కంచం ముందు కూర్చుని ఉంది. ముద్ద ముట్టలేదు.

“మావయ్య నన్ను ఎత్తుకుని తిప్పేవాడు నాన్నా. ఆ తలుపు దగ్గర నేనొక్క మాట అని ఉంటే...”

“తిను.”

“నువ్వు నిజంగా...”

“ఈ సంగతి నువ్వు అడగొద్దు. నేను చెప్పను. ఇవాళే కాదు, నేను పోయేరోజు పక్కన కూర్చుని అడిగినా చెప్పను.”

కంచం ఆమె వైపు జరిపాడు.