ఆరు జీబీల సొరుగు

మా అత్తయ్య షాపులో కంప్యూటర్‌ని పద్నాలుగు నెలలుగా ఒక్కసారి కూడా షట్‌డౌన్ చెయ్యలేదు. ఈ మాట వింటే కంప్యూటర్లు తెలిసినవాళ్ళు ముక్కు మీద వేలేసుకుంటారు. తెలియనివాళ్ళు "అయితే ఏమిటట?" అంటారు. నేను తెలిసినవాణ్ణే. కనీసం అలా అనుకున్నవాణ్ణి. గొడవంతా అక్కడే వచ్చింది.

మాది కళ్ళజోళ్ళ షాపు. మాది అంటే అత్తయ్యది. ముందు గదిలో గోడల నిండా ఫ్రేములు, మధ్యలో కౌంటరు, కౌంటరు మీద కంప్యూటరు, దాని ముందు అత్తయ్య. వెనక చీకటి గదిలో మా ఆవిడ కళ్ళు పరీక్ష చేస్తుంది. రెండు గదులకీ మధ్య సందులో లెన్సులు అరగదీసే మిషను, దాని పక్కన నేను. అత్తయ్యకి నా మీద దయ ఉన్నప్పుడు "అల్లుడుగారూ" అంటుంది, లేనప్పుడు "ఏమయ్యా" అంటుంది. ఏ రోజు ఏది ఎక్కువసార్లు అన్నదో లెక్కపెట్టడం మానేసి చాలా కాలమైంది.

షట్‌డౌన్ చెయ్యకపోవడానికి కారణం ఒక ఆట. పైనుంచి రంగురంగుల దిమ్మలు పడుతుంటాయి. వాటిని అటూ ఇటూ తిప్పి వరసలో ఇరికించాలి, వరస నిండితే మాయమైపోతుంది. ఎవరు తయారుచేశారోగానీ మహా పాత ఆట. అందులో పాజ్ ఉంది, సేవ్ లేదు. అందుకని అత్తయ్య రోజూ షాపు మూసేముందు ఆటని పాజ్‌లో పెట్టి, 'హైబర్నేట్' నొక్కి, గోడ మీద స్విచ్ ఆపేసి ఇంటికొచ్చేది. మర్నాడు పొద్దున్న స్విచ్ వేస్తే నిన్న గాల్లో ఆగిన దిమ్మ ఇవాళ కూడా గాల్లోనే ఉండేది. అప్‌డేట్ చేసుకోనివ్వమని కంప్యూటర్ ఎంత బతిమాలినా 'తర్వాత' అనే బటనే నొక్కేది. నేను సెలవు అడిగినా ఆవిడ నొక్కేది ఆ బటనే.

ఆ వారానికి స్కోరు తొమ్మిది లక్షల తొంభై ఎనిమిది వేలు దాటింది. పది లక్షలు చూసి తీరాలని ఆవిడ పంతం. సోమవారం ఆవిడ కంటికి శుక్లం ఆపరేషన్.

"ఈ కళ్ళతో మొదలుపెట్టాను, ఈ కళ్ళతోనే పది లక్షలు చూస్తాను. కొత్త కన్ను పెట్టించుకుని చూస్తే అందులో నా గొప్పేముంది?" అనేది.

ఇప్పుడు చెప్పబోయేది శనివారం సంగతి. ఆదివారం షాపు సెలవు. అంటే మిగిలింది ఆ ఒక్కరోజే.

ఇక నా పిచ్చి గురించి. నాకు బంతులు ఎగరెయ్యడం ఇష్టం. రోజూ మధ్యాహ్నం షాపు వెనక వరండాలో, ఫోన్‌ని కిటికీ చువ్వకి ఆనించి వీడియో తీసుకుంటూ నేర్చుకున్నాను. మూడు బంతులతో మొదలుపెట్టి, రెండువందల పద్నాలుగో రోజున ఐదు బంతులు నిమిషం పాటు ఒక్కటి కూడా కింద పడకుండా ఎగరేశాను. ఒకే ఒక్కసారి! తర్వాత ఎంత ప్రయత్నించినా రాలేదు. చూసిన సాక్షి ఫోన్ ఒక్కటే. ఆ పూట ఒళ్ళు తెలియని సంబరంతో ఇంట్లో చెబితే మా ఆవిడ "అబ్బో" అంది. అత్తయ్య కళ్ళజోడు మీంచి చూసింది.

"ఐదా? ఆ చేతులతోనా? నిన్న రెండు ఫ్రేములు ఇస్తే ఒకటి కింద పడేసింది మీరే కదా అల్లుడుగారూ?"

గారూ అన్నా సరే, అది ఏమయ్యా కన్నా లోతుగా గుచ్చుకుంది. సరే, షాపులో పెద్ద తెర మీద వేసి, కస్టమర్ల ముందే చూపిస్తాను అనుకున్నాను. మొదటి రోజు నుంచీ వరసగా, బంతి ముక్కుకి తగిలిన రోజుతో సహా.

శనివారం నేనే ముందు వచ్చి షాపు తెరిచాను. కంప్యూటర్ పెట్టాను. ఆట లేచింది, గాల్లో దిమ్మ ఆగి ఉంది. బాగుంది. ఫోన్ తగిలించి వీడియోలు ఎక్కిద్దామంటే చోటు లేదంది. వెతికితే ఎవరికీ కనిపించకుండా దాక్కున్న ఒక ఫైలు దొరికింది. ఆరు జీబీలు! ఫొటో కాదు, బిల్లు కాదు, కస్టమర్ల పవర్ వివరాలు కాదు. పేరు చూస్తే నోరు తిరగదు. ఇంటర్నెట్‌లో అడిగితే, ఇది హైబర్నేట్ కోసం, అంటే కంప్యూటర్ నిద్రపోవడానికి ఉంచిన ఫైలు, అక్కర్లేకపోతే ఒక్క లైను టైపు చేసి వదిలించుకోవచ్చు అని చెప్పింది. నా బుర్ర అప్పుడు వేసిన లెక్క వినండి: కంప్యూటర్ ఇప్పుడు మేలుకునే ఉంది కదా, ఇంక నిద్రకి సంబంధించిన ఫైలుతో పనేముంది? ఆ ఒక్క లైనూ టైపు చేశాను. ఆరు జీబీలు ఖాళీ అయ్యాయి. నా రెండువందల పద్నాలుగు వీడియోలూ అందులో కొలిచినట్టు పట్టాయి. ఫోన్ కూడా నిండిపోయి మొరాయిస్తోంది కాబట్టి అందులోంచి తీసేశాను. ఇంత శుభ్రంగా పని చేసుకున్నందుకు ఈల వేసుకుంటూ మిషను దగ్గరికి వెళ్ళాను.

పదకొండయ్యేసరికి అత్తయ్య స్కోరు తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల నాలుగువందలు. షాపులో ఇద్దరు కస్టమర్లు. విరిగిన కళ్ళజోడు నాకిచ్చి కూర్చున్న బస్సు డ్రైవర్ గారు ఒకరు, కళ్ళలో చుక్కలు వేయించుకుని పరీక్ష కోసం ఎదురుచూస్తున్న టీచర్ గారు ఒకరు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

మిషను ఆగిపోయింది. కౌంటరు కింద యూపీఎస్ కుయ్‌మంది. దాని బ్యాటరీ పది నిమిషాలు వస్తుంది, అదీ దాని ఓపికని బట్టి.

"కంగారేం లేదు," అంటూ అత్తయ్య పాజ్ నొక్కింది. "హైబర్నేట్ చేసేస్తాను. కరెంటు వచ్చాక చూసుకుందాం." మెనూ తెరిచింది. "అల్లుడుగారూ, ఇక్కడ షట్‌డౌన్ ఉంది, స్లీప్ ఉంది. హైబర్నేట్ ఏదీ?"

గబగబా వెళ్ళి చూశాను. నిజంగానే లేదు.

"అదీ... పొద్దున్న నేను కొంచెం చోటు కోసం..."

"ఏమయ్యా!"

డ్రైవర్ గారు కల్పించుకున్నారు. "ఆ స్లీపేదో నొక్కండి బాబూ. రెండూ నిద్రే కదా?"

"రెండూ ఒకటి కాదండీ," అన్నాను. "మెమరీ అంటే ఈ కౌంటరు బల్లనుకోండి. స్లీప్ అంటే బల్ల మీదవన్నీ అలాగే వదిలేసి కాపలా కూర్చోవడం. కరెంటు పూర్తిగా పోతే బల్ల తుడిచిపెట్టుకుపోతుంది. హైబర్నేట్ అంటే ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకుని అన్నీ సొరుగులో సర్దేసి హాయిగా ఇంటికి పోవడం. ఆ సొరుగు డిస్కులో ఉంటుంది. బల్ల మీదవి పట్టాలి కాబట్టి దాన్ని ఎప్పుడూ ఖాళీగా అట్టేపెట్టి ఉంచాలి."

"మరి ఆ సొరుగేమైంది?" అన్నారు టీచర్ గారు కళ్ళు మూసుకునే.

"నేను పీకేశానండీ. ఆ చోట్లో నా బంతులు పోశాను."

యూపీఎస్ ఇంకోసారి కుయ్‌మంది. అత్తయ్య మౌస్ వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తెర మీద గాల్లో ఆగిన దిమ్మని చూస్తూ కూర్చుంది, అంతే. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పొద్దున్నటి లైనునే తిరగేసి టైపు చేశాను. చోటు చాలదు అంది. వీడియోలు ఇంకెక్కడికైనా కాపీ చేసే టైము లేదు. మొదటి వంద రోజులూ ఎంచి డిలీట్ కొట్టాను. మళ్ళీ అడిగాను. చాలదు. ఇంకో వంద, ఆ పైన పదమూడు. చాలదు! చివరికి మిగిలింది రెండువందల పద్నాలుగో రోజు. బంగారంలాంటి నిమిషం అది, నా జన్మకి అదొక్కటే. కళ్ళు మూసుకుని అదీ కొట్టేశాను.

చాలదు అంది.

"ఇంకేం తియ్యమంటావే నన్ను!" అని తెర మీద అరిచాను. అప్పుడు వెలిగింది. కొట్టేసినవన్నీ చెత్తబుట్టలో కూర్చున్నాయి. బుట్ట కూడా అదే డిస్కులో ఉంటుంది, చోటు ఒక్క చుక్క కూడా వదలదు. బుట్టలో ఉన్నంతవరకు వెనక్కి తెచ్చుకోవచ్చని లోపల ఎక్కడో ఆశపడ్డాను కాబోలు. బుట్ట ఖాళీ చెయ్యమంటే, 'మళ్ళీ తిరిగి రావు, ఖాయమేనా?' అని అడిగింది. పక్కకి చూశాను. అత్తయ్య ఇంకా ఆ దిమ్మనే చూస్తోంది. ఖాయమే అన్నాను.

లైను టైపు చేశాను. ఈసారి మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. హైబర్నేట్ మెనూలోకి తిరిగొచ్చింది.

"నొక్కండి అత్తయ్యా!"

నొక్కింది. తెర నల్లబడింది. కంప్యూటర్ డబ్బా మీద ఎర్ర లైటు టకటకా కొట్టుకుంటోంది, బల్ల మీదవి సొరుగులోకి వెళుతున్నాయన్నమాట. యూపీఎస్ ఇక కుయ్‌కుయ్‌లు మానేసి ఒకటే ఏడుపు అందుకుంది. "కానీ, కానీ, కానీ," అంటున్నారు డ్రైవర్ గారు, ఆగిపోయిన బస్సుని తోస్తున్నట్టు. ఎర్ర లైటు ఆగింది. రెండు క్షణాలకి యూపీఎస్ చచ్చింది.

సొరుగులో అంతా పట్టిందో లేదో కరెంటు వస్తేగానీ తెలియదు. గంట గడిచింది. ఎవరూ కదల్లేదు.

"ఏం తీసేశారు?" అంది అత్తయ్య ఉన్నట్టుండి.

"నా వీడియోలు."

"ఐదు బంతులదా?"

"అదీనూ."

"ఫోన్‌లో ఉందిగా?"

"లేదు."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. అప్పుడొచ్చింది కరెంటు.

కంప్యూటర్ తాపీగా లేచింది, మా ప్రాణాలు తోడేస్తూ. ఆట తెర మీదికొచ్చింది. దిమ్మ గాల్లోనే ఉంది! డ్రైవర్ గారు చప్పట్లు కొట్టారు. టీచర్ గారు ఏమైందో కనిపించకపోయినా కొట్టారు. నేను గెంతితే పైనున్న ఫ్రేముల వరస గలగలమంది. అత్తయ్య మాత్రం ఆలస్యం చెయ్యకుండా ఆటలో దిగింది. తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల ఐదువందలు. ఏడువందల నలభై. నేను కుర్చీ వెనక నిలబడి ప్రతి దిమ్మకీ మెడ వంచుతున్నాను. తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిదివందల అరవై. ఒక నిలువు దిమ్మ దిగింది, నాలుగు వరసలు ఒక్కసారిగా మాయమయ్యాయి.

స్కోరు దగ్గర 000240 అని ఉంది.

ఆ పాత ఆటలో ఆరు అంకెలకే చోటు పెట్టారు. ఏడోది పెట్టుకోవడానికి సొరుగు లేదు. అత్తయ్య నన్ను చూసింది, నేను అత్తయ్యని చూశాను. ఇద్దరికీ నవ్వు తన్నుకొచ్చింది. ఆవిడ కౌంటరు మీద తల పెట్టుకుని నవ్వింది, నేను కింద కూలబడి నవ్వాను. ఫొటో తియ్యాలన్న బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు.

మా ఆవిడ చీకటి గదిలోంచి వచ్చి తెర చూసింది. "ఏమిటీ గోల? రెండువందల నలభైకా?"

"పది లక్షలు దాటారు మీ అమ్మ! తిరిగి సున్నా నుంచి మొదలైంది," అన్నాను.

"అబ్బో," అంది మా ఆవిడ. "ఎవరు చూశారు?"

డ్రైవర్ గారికి కళ్ళజోడు లేదు, ఏదో మెరిసిందన్నారు. టీచర్ గారికి అదీ కనిపించలేదు.

"నేను చూశాను," అన్నాను.

అత్తయ్య నవ్వు ఆపుకుని, కళ్ళు తుడుచుకుని, కూతురి వైపు తిరిగింది.

"మీ ఆయన ఐదు బంతులు ఎగరేశాడే. నిమిషం పాటు. ఒక్కటీ కింద పడలేదు."

"నువ్వెప్పుడు చూశావమ్మా?"

"చూశాను," అంది అత్తయ్య.