స్విచ్చత్త ఫ్రిజ్

నా పాప కడుపులోకి కుళ్లిన తిండి ఎక్కడ పోతుందోనన్నదే నా అతి పెద్ద భయం. దొంగలకీ దయ్యాలకీ కూడా ఇంతగా జడవను. వాసన చూడందే పాలు పట్టను. నా ముక్కు మీద నమ్మకం కుదరక మా ఆయన ముక్కు దగ్గర కూడా పెడతాను.

నేను బట్టలకొట్టులో మడతలు పెట్టే పనికి వెళ్లినప్పుడు పాప కింది వాటాలో మా ఆయన మేనత్త దగ్గర ఉంటుంది. ఆవిణ్ణి అందరూ స్విచ్చత్త అంటారు. మనం గది దాటేలోగా లైటు ఆర్పేస్తుంది. స్నానాలగదిలో మనిషి ఉన్నా సరే, ఒళ్లు రుద్దుకోడానికి వెలుగెందుకంటుంది. టీవీని రిమోటుతో ఆపితే చాలదు, గోడ దగ్గర కూడా ఆపాల్సిందే. ఇస్త్రీపెట్టెను ముందే ఆపి, మిగిలిన వేడితో చివరి జాకెట్టు లాగించేయడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

ఒకరోజు కొట్లో ఎవరో కొత్త చిట్కా చెప్పారు. ఫ్రిజ్ తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే బిగుతుగా ఉండాలట. జారి వచ్చేస్తే రబ్బరు వదులైనట్టే, కరెంటు దండగ. స్విచ్చత్తకే చిట్కా నేర్పే భాగ్యం మళ్లీ దొరుకుతుందా! సాయంత్రం పాప కోసం వెళ్లి, కాగితం ముక్కతో నేరుగా వంటింట్లో దూరాను. దాని జోలికి పోవద్దంటూ ఆవిడ వెనకాలే వచ్చింది. అప్పటికే తలుపు తీసేశాను.

లోపల దీపం వెలగలేదు. వాసన గుప్పుమంది. అన్నం మీద బూడిదరంగు నూగు. కూర మీద బుడగలు. పెరుగు మీద పచ్చటి మచ్చలు. అడుగు అరలో నల్లటి జిగురు, అందులో మెల్లగా మెసులుతున్న తెల్లటి పురుగులు. ఛీ! సింకు దగ్గరికి పరిగెత్తాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా డోకొస్తోంది.

"పాప పాలు ఇందులోనే పెట్టారా అత్తయ్యా?"

"పసిదానికి ఇందులోది పడతానా? నువ్విచ్చి వెళ్లగానే పట్టేస్తా. ఇదంతా నాకే."

"మీరిది తింటున్నారా?"

"పైపైన తీసేసి వేడి చేసుకుంటే ఏం కాదే. నా కడుపు రాళ్లరిగించుకుంటుంది."

ఎందుకిలా అని అడిగాను. పాప జుట్టు సర్దుతూ అంది: "మీటరు బొంగరంలా తిరుగుతోందన్నాడుగా నీ మొగుడు. ఆ రోజే ఆపేశా."

రెండు వాటాలకీ ఒకటే మీటరు. ఆయన ఏదో అన్నం తింటూ నవ్వుతూ అన్న మాట అది. పురుగుల మీద పుట్టిన రోత కంటే ఆ నవ్వు మీద పుట్టిన రోతే నాకు ఎక్కువైంది. ముక్కుకి గుడ్డ కట్టించి, అరలన్నీ ఆయన చేతే కడిగించాను. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. చేసుకోనీ అనుకున్నాను.

ఫ్రిజ్‌ని కరెంటు తక్కువ కాలేలా గోడకి కాస్త ఎడంగా జరిపి, స్విచ్చి వేసి, వేడి గిన్నెలు పెట్టొద్దనీ, దాన్ని మాత్రం ఆపొద్దనీ అత్తయ్యకి చెప్పాను. చివర్లో కాగితం పెట్టి లాగాను. బిగుతుగానే ఉంది. రబ్బరుకేం రోగం లేదు.

మీ ఇంట్లోనో మీ మెట్ల కిందో ఇలాంటి పొదుపు మనిషి ఉంటే, ఈ పూటే ఏదో వంకన వెళ్లి ఆవిడ ఫ్రిజ్ తలుపు తీసి చూడండి. లోపల దీపం వెలగాలి. వెలగకపోతే, ముందు ఆవిడ ఏం తిన్నదో అడగండి.