అచ్చుగుద్దినట్టున్న గీత

రెండు గీతలూ తెర మీద అచ్చుగుద్దినట్టు ఒకటైపోయాయి. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం కొట్టలేదు.

ఎర్ర గీత ఆమెది. అంతరిక్షంలోకి వెళ్లే స్పెక్ట్రోమీటర్‌లో, అంటే కాంతిని విడదీసి కొలిచే పరికరంలో, కంటికి కనపడని దూర పరారుణ కాంతి ఎలా నడుస్తుందో కంప్యూటర్ మోడల్‌తో ముందే కట్టిన అంచనా. నల్ల గీత బావది, అంటే అక్క మొగుడిది. అసలు పరికరాన్ని గడ్డకట్టే చలిలో పెట్టి తీసిన కొలత. కొలత పూర్తయ్యేదాకా ఒకరి గీత ఇంకొకరు చూడకూడదన్నది అక్కడి నియమం.

చిక్కల్లా ఒక్కటే. ఆమె గీత తప్పు.

ఆ సంగతి ఆమెకు ఆ ఉదయమే తెలిసింది. ఏమవుతుందో చూద్దామని ఒకసారి మోడల్‌లో మూడో అద్దాన్ని ఎదురు వైపుకు వంచింది. మళ్లీ సరిచేయడం మరిచిపోయింది. అద్దం అలా వంగితే పొడవాటి తరంగాలు అంచు దాటి గోడకు తగులుతాయి. గీత చివర గుంట పడుతుంది.

మరి బావ గీతలో ఆ గుంట ఎక్కడిది? కొలవకుండా తన గీతే చూసి దించేశాడా?

సాయంత్రం పరికరానికి మూత బిగిస్తారు. ఇక తెరవరు. నోరు విప్పితే బావ ఉద్యోగం, అక్క కాపురం గంగపాలు. విప్పకపోతే కొలవని పరికరమే అంతరిక్షంలోకి పోతుంది.

ల్యాబ్‌లో బావ గ్లౌజులు విప్పుతున్నాడు.

"ఏం మరదలా, గెలిచి కూడా ఆ మాడు మొహమేంటి? పార్టీ ఎప్పుడు?"

"నా ఫైలు చూశావా బావా?"

"ఏంటీ?"

"కొలవకుండా నా గీతే దించేశావా అంటున్నా."

"అచ్చం మీ అక్కే! ఆవిడ ఫోన్ చూపించమంటుంది, నువ్వు ఫైలంటావు."

"నవ్వకు. నా మోడల్ తప్పు. నీ కొలత దానికెలా సరిపోయింది?"

అతని నవ్వు టక్కున ఆగింది. చూపు తిప్పుకున్నాడు. దొరికిపోయాడనుకుంది ఆమె. అతను టార్చ్ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"మూత ఇంకా తీసే ఉంది. నువ్వే చూస్కో."

ఆమె వంగి వెలుగు వేసింది. మూడో అద్దం నిజంగానే ఎదురు వైపుకు వంగి ఉంది.

"దీన్నెవరు బిగించారు?"

"నేనేనమ్మా," అన్నాడు వెనక నుంచి ఫిట్టర్. అందరూ అతన్ని స్క్రూ బాబాయ్ అంటారు. "కోణం నీ మోడల్ నుంచే తీసుకున్నా. ఏం, తేడా వచ్చిందా?"

పైన క్రేన్ కదిలింది. మూత దిగుతోంది.

బావ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "చెప్తే నీ ఉద్యోగం పోతుంది. గీతలు సరిపోయాయిగా, ఎవడూ అడగడు."

పరీక్షిస్తున్నాడా, నిజంగానే అంటున్నాడా? అతని మొహంలో ఏమీ దొరకలేదు. ఆమె గోడ దగ్గరికి పరిగెత్తి క్రేన్ ఆపే ఎర్ర బటన్ నొక్కింది. మూత గాల్లోనే ఆగిపోయింది.

"మూత దించకండి! మూడో అద్దం తప్పు. తప్పు నాది!"

అందరి తలలూ ఇటు తిరిగాయి. బావ గట్టిగా ఊపిరి వదిలి, మళ్లీ గ్లౌజులు తొడుక్కున్నాడు.

"అయితే పార్టీ లేనట్టే," అన్నాడు. "స్పానర్ ఇటివ్వు బాబాయ్."